హద్రమౌత్‌ను ఏకం చేసిందెవరు?

1865లో హైదరాబాద్‌లో ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అనే జమాదార్ కన్నుమూశాడు. నిజాం కొలువులో అరబ్ సిపాయిల దళానికి ఆయన నాయకుడు. యెమెన్ తూర్పు వైపున షిబాం పట్టణం దగ్గరి చిన్న పల్లెలో పుట్టాడు. పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటి వచ్చి, దక్కన్‌లో తుపాకీతోనూ వడ్డీ వ్యాపారంతోనూ పెద్ద ఆస్తి కూడబెట్టాడు. అందులో మూడో వంతు తన పుట్టినగడ్డ హద్రమౌత్ పనులకు వాడాలని వీలునామా రాసి పోయాడు. ఆ సొమ్ముతో కొడుకులు తుపాకులు కొన్నారు, కోటలు కట్టారు, ఓడరేవులు గెలిచారు. అలా మొదలైన ఖుఐతీ సుల్తానేట్ 1967 దాకా నిలిచింది. అరేబియా తీరంలో వందేళ్లు నడిచిన ఒక రాజ్యానికి పెట్టుబడి మూసీ ఒడ్డున పోగైందన్నమాట.

ఒక నేలను ఏకం చేయడానికి వేల మైళ్ల అవతలి డబ్బు ఎందుకు కావాల్సి వచ్చింది? దీనికి జవాబు హద్రమౌత్ భూగోళంలోనే ఉంది.

నేటి హద్రమౌత్ గవర్నరేట్ (రాష్ట్రం లాంటి పాలనా విభాగం) యెమెన్ మొత్తం భూభాగంలో మూడో వంతుకు పైనే ఉంటుంది. దక్షిణాన అరేబియా సముద్రం, ఉత్తరాన ఎవరూ కాపురం ఉండలేని రుబ్ అల్ ఖాలీ ఇసుక ఎడారి. తీరం పొడవునా సన్నటి మైదానం. ముకల్లా, షిహ్ర్ రేవులు అక్కడే ఉన్నాయి. ముకల్లాలో అయితే కొండకూ అలలకూ మధ్య ఒక వీధి పట్టేంత చోటే ఉండేది. పాత ఊరంతా ఆ ఇరుకులోనే తెల్లగా లేచింది. ఆ వెనక 'జోల్' అనే రాతి పీఠభూమి వెయ్యి మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంటుంది. దాని మీద నీళ్లు లేవు, నీడ లేదు. ఆ పీఠభూమి దాటాక నేల నిట్టనిలువుగా తెగి, కింద పచ్చటి లోయ కనిపిస్తుంది. అదే వాదీ హద్రమౌత్.

ఈ లోయది ఒక విచిత్రం. మామూలుగా తీరం దగ్గరి ఏరు కొండల్లో పుట్టి దగ్గరి దారిన సముద్రంలో కలుస్తుంది. హద్రమౌత్ వాదీ మాత్రం తీరానికి సమాంతరంగా, నూటయాభై కిలోమీటర్లకు పైగా లోపల, పడమటి నుంచి తూర్పుకు సాగుతుంది. ఎంతో దూరం పోయాకే మసీలా అనే పేరుతో ఆగ్నేయానికి తిరిగి, పొరుగున ఉన్న మహ్రా తీరంలో సముద్రం చేరుతుంది. కాబట్టి లోయ వెంట నడిస్తే రేవు రాదు. రేవుకు పోవాలంటే జోల్ ఎక్కి దిగాల్సిందే. మోటారు రోడ్డు పడకముందు ఒంటెల బిడారుకు ఇది దాదాపు వారం ప్రయాణం. దారి పొడవునా ఒక్కో తెగకు ఒక్కో ముక్క. ఒక్కొక్కరికీ సుంకం కట్టాలి, ఒక్కొక్కరి నుంచీ అభయం పొందాలి.

హద్రమౌత్ రాజకీయమంతా ఈ అమరికలోనే ఉంది. లోయలో ఖర్జూర తోటలు, విద్య, జనం ఉన్నాయి. తీరంలో సుంకాలు, చేపలు, బయటి లోకం ఉన్నాయి. లోయను పట్టినవాడికి రేవు లేకపోతే ఆయుధమూ రాదు, బియ్యమూ రాదు. రేవును పట్టినవాడికి లోయ లేకపోతే ఆ రేవులో దిగే సరుకు కొనేవాడే ఉండడు. రెండూ ఒక చేతిలో ఉంటేనే రాజ్యం. కానీ రెండింటినీ కలిపి పట్టుకునేంత ఆదాయం ఈ నేల ఎప్పుడూ ఇవ్వలేదు.

ఇచ్చిన కాలం ఒకటుంది. క్రీస్తుకు ముందు కొన్ని శతాబ్దాల నుంచే ఇక్కడ హద్రమౌత్ పేరుతోనే రాజ్యం నడిచింది. దాని రాజధాని షబ్వా, రేవు ఖనా. తూర్పున, నేటి ఒమన్‌లోని ధోఫార్ కొండల్లో చెట్ల బెరడు గీస్తే కారే సాంబ్రాణి బంక అప్పటి ఈజిప్టు, రోము ఆలయాలకు తప్పనిసరి సరుకు. షబ్వాలో ఆలయం పేరిట దానిలో పదో వంతు పన్ను తీసేవారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. సరుకు పోయే దారి మీద పట్టున్నంత కాలం రాజ్యం నిలిచింది. సుమారు క్రీ.శ. 300 ప్రాంతంలో పడమటి హిమ్యరీలు దాన్ని మింగేశారు. బయటి నుంచి వచ్చే సొమ్ముతో నిలవడం, ఆ సొమ్ము దారి మారగానే కూలడం అన్న వరస అప్పుడే మొదలైంది.

సాంబ్రాణి తరువాత ఇక్కడి నుంచి ఎగుమతి అయింది మనుషులు. 10వ శతాబ్దంలో బస్రా నుంచి అహ్మద్ బిన్ ఈసా అనే సయ్యద్ (ప్రవక్త వంశీకుడు) లోయకు వలస వచ్చాడు. ఆయన వంశమే బా అలవీ సయ్యదులు. వీళ్లు తరీం పట్టణాన్ని విద్యాకేంద్రం చేశారు. తెగల తగాదాల మధ్య తీర్పరులుగా నిలబడ్డారు. తరువాత ఓడలెక్కి మలబారుకు, జావాకు, తూర్పు ఆఫ్రికాకు వెళ్లారు. వాళ్లతో పాటు వర్తకులూ సిపాయిలూ కూలీలూ వెళ్లారు. సింగపూర్‌లో అల్‌కాఫ్, అల్‌సగాఫ్, అల్‌జునీద్ కుటుంబాల పేర్లు ఇప్పటికీ వీధుల మీద కనిపిస్తాయి. ఇండోనేసియా విదేశాంగ మంత్రిగా చాలాకాలం పనిచేసిన అలీ అలతాస్ మూలాలు హద్రమౌత్‌వే. విదేశంలో పుట్టిన బిడ్డను 'మువల్లద్' అంటారు. మువల్లద్ మగపిల్లలను చదువుకోసం, భాషకోసం తిరిగి లోయకు పంపే ఆనవాయితీ ఉండేది. రాజ్యం కలపలేని జనాన్ని వంశవృక్షం, ఉత్తరాలు, నెలనెలా ఇంటికి చేరే డబ్బు కలిపి ఉంచాయి. హద్రమౌత్ ఐక్యతకు అసలు ఆకారం ఇదే.

ఆ డబ్బు ఏమైందో షిబాం చూస్తే తెలుస్తుంది. వరద నీరు అందని చిన్న దిబ్బ మీద, ఒకే గోడ చుట్టిన ఊళ్లో దాదాపు అయిదు వందల మట్టి మేడలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి. ఏడెనిమిది అంతస్తులవీ ఉన్నాయి. బంకమట్టిలో గడ్డి తొక్కి, అచ్చుల్లో పోసి, ఎండలో ఆరబెట్టిన ఇటుకలు. కాల్చడం ఉండదు. కింది అంతస్తు ధాన్యానికీ మేకలకూ. దానికి కిటికీలు ఉండవు. జనం ఉండేది పైన. పై అంతస్తుల్లో పక్కింటికి తలుపులున్న మేడలూ ఉన్నాయి. ముట్టడి వచ్చినా కిందికి దిగకుండా ఇల్లిల్లూ తిరగొచ్చు. వాన కొట్టేది పైభాగాన్నే కాబట్టి అక్కడ సున్నం బాగా రుద్ది నునుపు చేస్తారు. దూరం నుంచి చూస్తే ప్రతి మేడ నెత్తినా తెల్లటి తలపాగా చుట్టినట్టుంటుంది. యునెస్కో 1982లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2008 అక్టోబర్ వరద ఊరి అంచుల్ని బాగా దెబ్బతీసింది. ఏటా పూత వేయకపోతే మట్టి మేడ నిలవదు. అంటే ఆ ఊరు నిలబడి ఉందంటే ఎక్కడో ఎవరో డబ్బు పంపుతున్నారనే లెక్క.

మధ్యయుగంలో తీరాన్నీ లోయనూ కలిపి చాలాకాలం పట్టుకోగలిగినవాడు కథీరీ వంశపు సుల్తాన్ బద్ర్ బూ తువైరిక్. 16వ శతాబ్దంలో ఆయన చేసిన పని తరువాతి మూడు వందల ఏళ్ల చరిత్రను నిర్ణయించింది. స్థానిక తెగలను నమ్మకుండా, పడమటి కొండల నుంచి యాఫిఈ సిపాయిలను జీతానికి తెచ్చుకున్నాడు. రాజ్యం బలహీనపడ్డాక సిపాయిలు పోలేదు. కోటలు వాళ్లవే అయ్యాయి. 18వ శతాబ్దం వచ్చేసరికి లోయలో ఒక్కో ఊరూ ఒక్కో యాఫిఈ నాయకుడి గుప్పిట్లో ఉంది.

హైదరాబాద్ కథలోకి వచ్చేది ఇక్కడే. మరాఠా సంస్థానాలూ నిజాం ప్రభుత్వమూ అరబ్ సిపాయిలను విరివిగా తీసుకుంటున్న రోజులవి. వేలమంది హద్రమీలు దక్కన్ చేరారు. జీతాలకు బదులు పరగణాల పన్ను వసూలు హక్కు రాయించుకుని, జాగీర్దార్లకు అప్పులిచ్చి, జమాదార్లు నగరంలో పెద్ద శక్తిగా ఎదిగారు. వాళ్లలో ముగ్గురి చూపు సొంత ఊరి మీదే ఉంది. ఒకరు యాఫిఈ వంశపు ఉమర్ ఖుఐతీ. రెండోవారు పాత రాజవంశానికి చెందిన గాలిబ్ బిన్ ముహ్సిన్ అల్ కథీరీ. మూడోవారు అబ్దుల్లా బిన్ అలీ అల్ ఔలకీ. ముగ్గురూ ఒకే నిజాం ఉప్పు తిన్నవాళ్లు. ముగ్గురూ ఆ సంపాదనతోనే హద్రమౌత్‌లో ఒకరి మీద ఒకరు యుద్ధం చేశారు.

గాలిబ్ 1840ల్లో సేయూన్, తరీం పట్టణాలను తిరిగి కథీరీల కింద తెచ్చాడు. 1866లో షిహ్ర్ రేవునూ పట్టాడు. మరుసటి ఏడాదే ఖుఐతీలు దాన్ని లాక్కున్నారు. ఔలకీ కట్టుకున్న కోట కూడా చివరికి ఖుఐతీలకే చిక్కింది. మిగిలింది ముకల్లా. అక్కడి కసాదీ పాలకుడు ఖుఐతీల దగ్గర అప్పుపడ్డాడు. ఆ బాకీనే చూపి ఖుఐతీలు సగం ముకల్లా తమదన్నారు. హైదరాబాద్‌లో నేర్చిన విద్యే ఇది: ముందు అప్పు, తరువాత హక్కు. పడమటి తీరపు ఏడెన్ రేవులోని బ్రిటిష్ అధికారులు ఖుఐతీల పక్షం వహించారు. 1881లో కసాదీ తన పరివారంతో ఓడెక్కి జాంజిబార్ వెళ్లిపోయాడు. తీరమంతా ఒకే చేతిలోకి వచ్చింది.

బ్రిటిష్ వాళ్లకు ఇందులో పని ఏమిటంటే, అప్పటి ఏడెన్ బొంబాయి ప్రభుత్వం కింద ఉంది. 1937 దాకా అది బ్రిటిష్ ఇండియాలో భాగమే. హైదరాబాద్ నుంచి ఆయుధాలూ సొమ్మూ అరేబియాకు పోతున్నాయని మొదట కలవరపడ్డారు. జమాదార్లను అదుపులో పెట్టమని సాలార్ జంగ్ మీద ఒత్తిడి తెచ్చారు. తీరంలో ఒక బలమైన పాలకుడు ఉంటేనే తమకు మేలని తేల్చుకున్నాక 1888లో ఖుఐతీలతో రక్షణ ఒప్పందం చేసుకున్నారు. 1918లో ఏడెన్‌లో కుదిరిన మరో ఒప్పందంలో హద్రమౌత్ అంతా ఒకటే ప్రాంతమని రాశారు. సేయూన్, తరీం, ఇంకొన్ని ఊళ్లు మాత్రం కథీరీలకు మిగిల్చారు. కాగితం మీద ఒకే దేశం, నేల మీద ఇద్దరు సుల్తానులు. ఒకరిది సముద్రం, మరొకరిది సముద్రం చూడని లోయ నడిబొడ్డు.

ఖుఐతీ సుల్తానులు చాలాకాలం హైదరాబాద్‌లోనే గడిపారు. రాజ్యం నడిపే ఖర్చులో ఎస్టేట్ల రాబడి భాగం. తీరంలో భారత రూపాయి చెల్లేది. ముకల్లా రాజభవనం తీరులో దక్కన్ ఛాయ కనిపిస్తుంది. ఇటు హైదరాబాద్‌లో బ్యారక్స్ అన్న మాటే నాలుకల మీద అరిగి బార్కస్ అనే పేట పేరైంది. సిపాయిల వారసులను చావూష్‌లు అన్నారు. పెళ్లి ఊరేగింపుల్లో మర్ఫా మోగింది. ఇవాళ తెలుగు ఊళ్లలో కూడా బోర్డు కనిపించే మండీ హద్రమౌత్ వంటకం. వేడి గుంతలో మాంసం పైన, బియ్యం కింద పెట్టి, పైనుంచి కారే రసంతో అన్నం ఉడికిస్తారు. పళ్లెం చుట్టూ కూర్చుని తినేవారిలో దాని ఊరు ఎంతమందికి తెలుసో గానీ, నిజాం కాలపు సిపాయి బతుకుతో దానికున్న బంధుత్వం మాత్రం నిజమైనది.

దశాబ్దాలు గడిచినా రాజ్యం రేవులు దాటి లోపలికి పెద్దగా చొచ్చుకుపోలేదు. 1930ల్లో లోయకు వెళ్లిన బ్రిటిష్ అధికారి హెరాల్డ్ ఇంగ్రామ్స్, ఆయన భార్య డోరీన్ చూసిన దృశ్యాలు కలచివేస్తాయి. పక్కింటివాడితో రక్తవైరం ఉన్నందున ఇల్లు కదలలేని మగవాళ్లు ఉన్నారు. తోటకు పోవడానికి గుమ్మం నుంచి కందకం తవ్వుకున్నవాళ్లూ ఉన్నారు. తుపాకీ గుండుకు అందకుండా ఆ కందకంలో వంగి నడిచేవారు. 1937లో వెయ్యికి పైగా తెగల, ఊళ్ల పెద్దలు మూడేళ్ల సంధికి సంతకాలు పెట్టారు. తరువాత దాన్ని పదేళ్లకు పొడిగించారు. ఇంగ్రామ్స్ సంధిగా అది చరిత్రకెక్కింది. మాట వినని ఒక తెగ మీద విమానాల నుంచి బాంబులు వేశాకే చాలామంది సంతకానికి కదిలారన్నదీ ఆ చరిత్రలో భాగమే.

ఆ సంధి వెనక అంతకన్నా పెద్ద మనిషి ఒకరున్నారు. తరీంకు చెందిన సయ్యద్ అబూబకర్ బిన్ షేఖ్ అల్ కాఫ్. సింగపూర్ ఆస్తుల మీద వచ్చే కుటుంబ ఆదాయంతో, తరీం నుంచి జోల్ మీదుగా తీరానికి మోటారు రోడ్డు వేయించారు. తెగల మధ్య రాజీలకు సొంత డబ్బు పోశారు. వేల ఏళ్లుగా లోయనూ రేవునూ విడదీసిన రాతి పీఠభూమిని మొదటిసారి చక్రాలు దాటింది ఏ సర్కారు ఖజానాతోనూ కాదు, ఒక ప్రవాస కుటుంబం అద్దెలతో. హద్రమౌత్ ఐక్యత కోసం ఎవరు ఎక్కువ చేశారని అడిగితే, ఏ సుల్తాను కన్నా ముందు ఆయన పేరే చెప్పాలి. అదే ప్రవాస సొమ్ము మరో పనీ చేసింది. ఘుర్ఫా ఊళ్లో బిన్ అబ్దాత్ కుటుంబం జావా సంపాదనతో కోటలు కట్టుకుని, 1945లో సైన్యం వచ్చి లొంగదీసే దాకా రెండు సుల్తానేట్లనూ లెక్కచేయలేదు. డబ్బు వచ్చే దారి ఒకటే. దాన్ని పట్టుకున్న చేతిని బట్టి రోడ్డు పడింది, లేదా కోట లేచింది.

ఆ దారి తెగితే ఏమవుతుందో రెండో ప్రపంచయుద్ధం చూపింది. 1942లో జపాన్ సింగపూర్‌నూ జావానూ ఆక్రమించింది. మనియార్డర్లు ఆగిపోయాయి. అదే సమయంలో వానలూ ముఖం చాటేశాయి. 1943, 44ల్లో లోయలో కరవు విలయతాండవం చేసింది. వేలమంది ప్రాణాలు పోయాయి. బ్రిటిష్ విమానాల్లో తిండిగింజలు దింపాల్సి వచ్చింది. కాస్త తేరుకునేలోపే 1948 వచ్చింది. నిజాం రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. అరబ్ సిపాయిల కొలువు పోయింది, చాలామందిని నిర్బంధించి ఏడెన్‌కు తిప్పి పంపారు. తెలుగు చరిత్ర పుస్తకాల్లో పోలీస్ యాక్షన్ ఒక స్వాతంత్ర్య ఘట్టం. అదే ఘట్టం ముకల్లా వైపు నుంచి చూస్తే ఒక ఆదాయ మార్గం మూతపడటం. ఈ రెండో వైపు గురించి తెలుగులో ఇంకా చాలా రాయాల్సి ఉంది.

1960ల్లో బ్రిటన్ వెళ్లిపోయే ముందు దక్షిణాది సంస్థానాలను దక్షిణ అరేబియా సమాఖ్యగా కట్టింది. ఖుఐతీ, కథీరీ సుల్తానులు అందులో చేరలేదు. తమ నేలలో చమురు దొరుకుతుందన్న ఆశ ఒక కారణం. ఏడెన్ రాజకీయాల మీద అపనమ్మకం మరొకటి. విడిగా ఉండే అవకాశం మాత్రం వాళ్లకు దక్కలేదు. 1967 సెప్టెంబర్ 17న, ఖుఐతీల యువ సుల్తాన్ గాలిబ్ విదేశం నుంచి ఓడలో తిరిగొస్తుండగానే, బ్రిటిష్ వాళ్ల మీద పోరాడిన వామపక్ష సంస్థ నేషనల్ లిబరేషన్ ఫ్రంట్ ముకల్లాను చేజిక్కించుకుంది. ఆయన్ని ఒడ్డుకు దిగనివ్వలేదు. రెండు వారాలకు సేయూన్‌లో కథీరీ పాలనా ముగిసింది. నవంబర్ 30న దక్షిణ యెమెన్ స్వతంత్ర దేశమైంది.

హద్రమౌత్ ఆధునిక చరిత్రలో తీరమూ లోయా పూర్తిగా ఒకే పాలన కిందికి వచ్చింది అప్పుడే. అయితే దానికి చెల్లించిన వెల పేరు. కొత్త సర్కారు పాత గుర్తింపులు చెరిపేయాలని గవర్నరేట్లకు అంకెలు పెట్టింది. బైబిల్ తొలి అధ్యాయాల్లోనే వినిపించే హద్రమౌత్ 'ఐదో గవర్నరేట్' అయింది. భూములు లాక్కున్నారు. సయ్యదులూ షేఖులూ వర్గశత్రువులయ్యారు. కొందరు మూకల చేతుల్లో హతమయ్యారు. బతికినవాళ్లలో చాలామంది సౌదీ దారి పట్టారు. అక్కడ, హద్రమౌత్‌లోని దోఆన్ లోయ నుంచి అంతకుముందే వెళ్లిన బుగ్షాన్, బిన్ మహ్ఫూజ్ వంటి కుటుంబాలు కోటీశ్వరులై ఉన్నాయి. వంశవృక్షం, ఉత్తరం, డబ్బు అనే పాత యంత్రం జావా నుంచి జెద్దాకు మకాం మార్చి మళ్లీ నడిచింది.

1990 మే 22న ఉత్తర, దక్షిణ యెమెన్‌లు కలిసినప్పుడు దక్షిణం తరఫున నిలబడిన అలీ సాలెం అల్ బీద్ హద్రమీయే. కొత్త దేశపు తొలి ప్రధాని హైదర్ అబూబకర్ అల్ అత్తాస్ కూడా హద్రమీయే. మరుసటేడు మసీలాలో చమురు బయటపడింది. 1993 నుంచి పైపుల్లో జోల్ దాటి షిహ్ర్ దగ్గరి దబ్బా రేవుకు చేరి, ఓడలకెక్కింది. చరిత్రలో మొదటిసారి బయటి సొమ్ము అవసరం లేనంత సంపద ఈ నేలలోనే దొరికింది. కానీ దాని లెక్క దేశ రాజధాని సనాలో తేలింది. 1994లో విడిపోవాలన్న దక్షిణం ప్రయత్నం యుద్ధంలో ఓడింది. చివరి రోజుల్లో బీద్ ముకల్లాలోనే తలదాచుకుని, అక్కడి నుంచి దేశం విడిచాడు.

2014లో యెమెన్‌ను ఆరు ప్రాంతాల సమాఖ్యగా మార్చాలన్న ప్రతిపాదనలో హద్రమౌత్, షబ్వా, మహ్రా, సొకోత్రాలను కలిపి ముకల్లా రాజధానిగా ఒక ప్రాంతం గీశారు. ఉత్తరాన హూతీల తిరుగుబాటుతో అది కాగితం మీదే ఆగింది. 2015 ఏప్రిల్‌లో అల్‌ఖైదా ముకల్లాను ఆక్రమించి ఏడాది పాటు ఏలింది. 2016 ఏప్రిల్‌లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ తర్ఫీదు ఇచ్చిన స్థానిక దళాలు దాన్ని తరిమాయి. ఆ తరువాత తీరంలో ఎమిరేట్స్ అండ ఉన్న దళాలు ఉండిపోయాయి. లోయలో సేయూన్ కేంద్రంగా ఉత్తరాది సిపాయిలు ఎక్కువగా ఉన్న ప్రభుత్వ సైన్యం ఉండిపోయింది. 1918 ఒప్పందంలో ముకల్లాకూ సేయూన్‌కూ మధ్య పడిన గీత దాదాపు అదే చోట మళ్లీ కనిపించింది. 2023లో హద్రమౌత్ జాతీయ మండలి ఏర్పాటును ప్రకటించింది కూడా సౌదీ రాజధాని రియాద్‌లో.

మధ్యలో నలిగేది ఊళ్లవాళ్లు. చమురు పండే గవర్నరేట్ ముఖ్యపట్టణమైన ముకల్లాలో వేసవి వస్తే గంటల తరబడి కరెంటు ఉండదు. జనం రోడ్ల మీద టైర్లు తగలబెడతారు. 2022 అక్టోబర్‌లో హూతీ డ్రోన్లు దబ్బా రేవు మీద పడ్డాక చమురు ఎగుమతి ఆగిపోయింది. జోల్ మీది చమురు బావుల దారుల్లో తెగలవాళ్లు చెక్‌పోస్టులు పెట్టి, ఇక్కడ పుట్టే ప్రతి పీపాలో ఇక్కడివాళ్లకు వాటా తేలేదాకా ట్యాంకర్లు కదలవని పట్టుబట్టారు. వాళ్ల తాతలు సుంకం కోసం ఒంటెల బిడారులను ఆపిన పీఠభూమి అదే.